ఇద్దరుంటే చాలు

“వరుణ్ గారూ, పాఠం వింటున్నారా, పడుకున్నారా?” అని తెర మీద శ్రీసుధ టైపు చేసింది.

శశిభూషణ్ మాస్టారు మైకు ఆపి, పక్క బల్ల మీదున్న రెండో కంప్యూటరు దగ్గరికి కుర్చీ జరిపారు. “వింటున్నానండి. అర్థం కాక ఊరుకున్నా” అని వరుణ్ పేరుతో కొట్టారు. మళ్ళీ మొదటిదాని దగ్గరికొచ్చి, “పోనీలే వరుణ్, ఇంకోసారి చెబుతాను” అని మైకులో తనని తానే ఓదార్చుకున్నారు.

వరుణ్ అనేవాడు లేడు. మాస్టారే వరుణ్.

అసలు చిక్కంతా గున్నేశ్వరరావు ఫోనుతో మొదలైంది. రాజమండ్రిలో యూనివర్సిటీ కేంద్రం చూసుకునేది అతనే. కొత్తగా పుట్టుకొస్తున్న టెక్నాలజీల మీద పరిశోధన ఎలా చేయాలో పీహెచ్‌డీ వాళ్ళకి ఇంటర్నెట్‌లో పాఠాలు చెప్పమని, కాలేజీలో రిటైరైన మాస్టార్ని ఒప్పించాడు. రెండువేల ఏడులో అదో వింత. మాస్టారు నానో టెక్నాలజీ ఎత్తుకున్నారు. నానో అంటే బహు చిన్నదని చెబుతూ చెబుతూ ఉండగానే క్లాసు కూడా నానో అయిపోయింది. ఎంత లాగినా ఒక్కరు తప్ప ఎవరూ లాగిన్ కాలేదు.

“ఒక్క అమ్మాయి మిగిలిందండి, శ్రీసుధ అని” అన్నాడు గున్నేశ్వరరావు ఫోన్లో. “ఒక్కరి కోసం క్లాసు నడపకూడదని రూలు. ఇద్దరుంటే చాలు. లేకపోతే మూసేస్తారండి. నేను రిటైరయ్యేదాకా అయినా నడుస్తుందనుకున్నా.”

“చేరడానికేం కావాలండి?”

“పేరూ, మెయిలూ. మొహం ఎవరడుగుతారండీ?”

మొహం అడగరన్న మాట మాస్టారికి ముహూర్తంలా వినిపించింది. పెళ్ళి చేసుకోని మనిషి. దానవాయిపేటలో మేడ మీద గది. రిటైరయ్యాక ఆయన్ని ‘మాస్టారూ’ అని పిలిచేవాళ్ళు ఇద్దరే: పాలవాడూ, శ్రీసుధానూ. పాలవాడికి సందేహాలు లేవు.

శ్రీసుధకి బోలెడు. మైకు పాడైందంటూ అన్నీ టైపు చేసేది. దేహాలు కనబడని క్లాసులో సందేహాలే కదా మనుషులు. “వెంట్రుకకన్నా అంత సన్నటి తీగని ఎవరు చూశారండి మాస్టారూ?” అనేది. పాఠం అయ్యాక, “దగ్గు తగ్గిందా అండి? మిరియాల కషాయం తాగండి” అనేది. ఆ ఒక్క ముక్కతో మాస్టారికి వారం గడిచిపోయేది. ఆమె వేళాకోళం కోసమే వరుణ్ చేత మొద్దు ప్రశ్నలు అడిగించేవారు.

“వరుణ్ గారూ, మీకు డాక్టరేటు వచ్చేలోపు మాస్టార్ని డాక్టరుకి చూపించాల్సొస్తుంది” అనేది.

రెండు కంప్యూటర్ల మధ్య కూర్చుని మాస్టారు ఒక్కరే నవ్వుకునేవారు.

ఒక బుధవారం పాఠం అయ్యాక తెర మీద ఇలా పడింది: “మాస్టారూ, ఈ నెలతో నా పని అయిపోతోందండి. ఇక రాలేను.”

“ఏమ్మా, పాఠం బాలేదా?”

“బాగుందండి. అందుకే చెప్పడానికి చెయ్యి రావట్లేదు.”

తెర మీద ఆమె పేరు ఆరిపోయింది. వరుణ్ మిగిలాడు. వాడితో మాస్టారికి మాట్లాడబుద్ధి కాలేదు.

మరుసటి బుధవారం సాయంత్రం ఆయన కంప్యూటరు తెరవలేదు. చొక్కా తొడుక్కుని కేంద్రానికి రిక్షా ఎక్కారు. గున్నేశ్వరరావు దగ్గర ఆ అమ్మాయి నంబరు తీసుకోవాలి. క్లాసు ఉన్నా లేకపోయినా వారానికొక్కసారి పలకరించమని అడగాలి. క్లాసులో వరుణ్ ఉండగా ఆమె నంబరెందుకని అడిగితే, వాడి సంగతీ ఒప్పుకోవాలి. పరువు పోతుంది. పోతే పోయింది, పరువుతో కూర్చుని కబుర్లు చెప్పుకోలేం కదా.

క్లాసు వేళ అప్పటికే దాటింది. కేంద్రంలో గది తలుపు ఓరగా ఉంది.

“గున్నేశ్వరరావు గారూ, మీకో నిజం చెప్పాలండి” అంటూ మాస్టారు లోపలికెళ్ళారు.

అతను వెనక్కి తిరగలేదు. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరకేసి ఎదురుచూస్తున్నట్టు వంగి ఉన్నాడు.

ఒంటివేలితో శ్రీసుధ పేరు పక్కన కొడుతున్నాడు: “మాస్టారూ, ఇంకా రాలేదేంటండి?”