ఏనుగు దొరగారి పుట్టినరోజు రక్తం

అడవి ఆసుపత్రికి రక్తం ఏడాదికి ఒక్కసారే వచ్చేది. వానాకాలంలో ఏనుగు దొరగారి పుట్టినరోజున అందరూ వరుసకట్టి రక్తమిచ్చి, అరటిపండు తీసుకుని, ఆయన్ని పొగిడి వెళ్లేవారు. వాడగా మిగిలింది కొన్నాళ్లకు పాడైతే గోతిలో పారబోసేవారు.

ఆసుపత్రి చూసుకునే ముంగిస పాత దెబ్బల లెక్కలన్నీ ముందేసుకుంది.

"దొరా, దెబ్బలు ఎక్కువగా తగిలేది వేసవిలో, ఇప్పపూలు రాలేటప్పుడు. ఎలుగులు ఆ పూలు తిని మత్తెక్కి కొట్టుకుంటాయి. అప్పుడు మన దగ్గర చుక్క రక్తం ఉండదు. పోయినేడు రెండు చచ్చాయి. ఈసారి సగం మందిని అప్పుడే రమ్మందాం."

"మరి నా పుట్టినరోజు వరుస సగమైపోదూ?" అని దొరగారు అలిగారు. ఆయనకు బాగా వచ్చిన పని అదొక్కటేనని గిట్టనివాళ్లు అంటారు. నేననలేదు.

ముంగిస మాత్రం దుప్పులనూ కుందేళ్లనూ పుట్టినరోజు వరుసకు రాకుండా ఆపి, ఇప్పపూల వేళకే పిలిచింది. సరిగ్గా అప్పుడే దొరగారి అల్లుడు పూలు మెక్కి, తూలి లోయలో పడ్డాడు. తాజా రక్తం సిద్ధంగా ఉండబట్టి బతికాడు.

మర్నాడే దొరగారు చాటింపు వేయించారు. ఆయన పుట్టింది అసలు ఇప్పపూలు రాలే రోజుల్లోనేనట. ఇన్నాళ్లూ వాళ్లమ్మే పొరబడిందట.