ఏడో స్తంభం కింద

రాత్రి పదకొండు గంటలకు మైలాపూరు ఆఫీసులో వైదేహి ఒక్కతే ఉంది. జారుడు కొండవాలు మీద కట్టబోయే హైవే వంతెన డ్రాయింగుల మీద తెల్లారేలోగా ఆమె సంతకం పెట్టాలి. ఏడో స్తంభానికి ముప్పై మీటర్ల లోతు పునాది చాలని లెక్క తేలింది. ఆ లెక్క తప్పితే బస్సులు లోయలో పడతాయి.

ఫోన్ మోగింది. తొండియార్‌పేట గోడౌన్ నుంచి పాల్‌రాజ్. ఏడో స్తంభం వచ్చే చోట బోరు వేసి తీసిన రాతి ముక్కలను లోతు వారీగా పెట్టెల్లో సర్దేది అతనే.

"మేడం, ఆ కొండలో ముందే ఏమన్నా కట్టినారా?"

"లేదు. అదంతా అడవి."

"ఇరవైతొమ్మిదో మీటరు పెట్టెలో కాంక్రీటు ఉండాది. ఇనుప కమ్మీ గూడా. తెగిపోయుండాది."

"తాగావా పాల్‌రాజ్?"

"ఆదివారం మాత్రమే మేడం. ఈ పొద్దు గురువారం దా."

"కమ్మీ ఎంత లావు?"

"ముప్పైరెండు ఎమ్మెమ్."

వైదేహి అయోమయంగా స్క్రీన్ వైపు చూసింది. కమ్మీ సైజు ముప్పైరెండుకు మార్చి గంట కూడా కాలేదు. ఇంకా ఎవరికీ పంపలేదు.

"దాని కింద పెట్టెల్లో ఏముంది?"

"అంతా రాయి దా. సాయంత్రం నేనే ఫోటోలు తీస్తిని."

ఆమె పునాది లోతు ముప్పై చెరిపి నలభై అయిదు కొట్టింది.

"ఆ కింది పెట్టెలు మళ్ళీ తెరిచి చూడు."

ఫోన్లో చెక్క మూత కిర్రుమంది. తర్వాత ఇంకోటి, ఇంకోటి.

"నలభైనాలుగో మీటరులో గూడా కాంక్రీటు ఉండాది," అన్నాడు చివరికి. "ఇదీ తెగిపోయుండాది. ఇంకా ఆరనే లేదు మేడం."