మెలేసిన బెల్టు

వీరరాఘవులు నన్ను నిలువునా ముంచాడు. ఆత్మకూరులో మా ఇద్దరి ఉమ్మడి బియ్యం మిల్లుకి ఆయిల్ ఇంజను తీసేసి కరెంటు మోటారు పెట్టాలని పట్టుబట్టాడు. నా వాటా కోసం సంగం కాలువ కింద మాగాణి తాకట్టు పెట్టించాడు. ఈ వరి కోతలకి మిల్లు ఆడకపోతే ఆ మాగాణి పోయినట్టే. ముసలి ఇంజను డ్రైవరు పెంచలయ్యని కూడా పంపేశాడు. ఆయన నెల తిరక్కుండా చనిపోయాడు.

మోటారు వేస్తే మిల్లు వెనక్కి తిరిగింది. ఇంజను కోసం పెంచలయ్య బెల్టుని మెలేసి తగిలించేవాడు. మోటారుకి ఆ మెలి పనికిరాదు. మేం మెలి తీసి తగిలిస్తే, తెల్లారేసరికి మళ్లీ మెలి పడి ఉంటోంది.

"బెల్టుని ఎవడు ముట్టినాడు రా?" అన్నాను.

"తాళం నీ మొల్లోనే ఉండాది గదరా. పోయి పెంచలయ్యనడుగు," అని నవ్వాడు వీరరాఘవులు.

ఆ రాత్రి మోటారు ఫీజు పీకి జేబులో వేసుకున్నాను. బెల్టు విప్పి, చుట్టగా చుట్టి, తలకింద పెట్టుకుని మిల్లులోనే పడుకున్నాను. నడిరాత్రి మెలకువ వచ్చింది. బెల్టు అతుకు పుల్లీ మీద పడే టపటప చప్పుడు చీకట్లో నిదానంగా వినిపిస్తోంది. తలకింద తడిమి చూశాను. బెల్టు అక్కడే ఉంది. అప్పుడే మిల్లు ఆపి తీసినట్టు వేడిగా ఉంది.

మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఎకరా ముప్పై రెండు సెంట్ల మాగాణి పోయింది.