సముద్రం పక్కన వంటగది

"గీ ఇసుకంతా ఎవ్వల సంచిలకెల్లి వడ్డది?"

చీపురు పట్టుకొని నిర్మల హాలు మధ్యలో నిలబడింది. పాండిచ్చేరి నుంచి బాన్సువాడ చేరి గంట కూడా కాలేదు. తెచ్చిన సంచులు ఎక్కడివక్కడే పడి ఉన్నాయి.

"నాది కాదు, డాడీది," అంది కూతురు సింధుజ, ఫోనులోంచి తల ఎత్తకుండా.

"నా సంచిల ఎందుకుంటది? నీ చెప్పులల్ల ఉంటది," అన్నాడు హన్మాండ్లు, సోఫాలో వాలిపోయి.

"నేను చెప్పులు చేతుల వట్టుకొని నడిచిన. నువ్వే ప్యాంటు మలవకుండ నీళ్ళల్లకు ఉరికినవ్."

"ఉరకలే. అలే నా మీదికొచ్చింది."

"అలకు నువ్వే దొరికినవా?"

"ఎవలిదైతేంది? ఊడిస్తే పోతది," అన్నాడు గుమ్మం పక్క కుర్చీలోంచి మామ భద్రయ్య, మోకాళ్ళకు నూనె రాసుకుంటూ.

"అవు మామా. ఊడిస్తే పోతది," అంది నిర్మల.

ఊడ్చింది. ఇసుకను చేటలోకి ఎత్తి, పారబోసే ముందు చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి చూసింది. సన్నగా, మెత్తగా ఉంది. ఆ సముద్రంలోంచి ఆమె దాకా వచ్చింది ఆ ఇసుక ఒక్కటే.

"నిర్మలా, అలసిపోయినవ్. పెద్ద వంట వెట్టుకోకు," అన్నాడు హన్మాండ్లు జాలిగా. "రెండు రొట్టెలు చెయ్, ఇంత పప్పు వెయ్. చాలు."

భద్రయ్య హోటలు తిండి ముట్టడని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే హన్మాండ్లు పాండిచ్చేరిలో వెతికి వెతికి వంటగది ఉన్న రూము తీసుకున్నాడు. కరెంటు పొయ్యి, పెనం, జొన్నపిండి సంచి ఇక్కడి నుంచే వెళ్ళాయి. పొద్దున రొట్టెలు, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం మళ్ళీ రొట్టెలు. మిగతా ముగ్గురూ లైట్‌హౌసు, పాత చర్చి, ఫ్రెంచివాళ్ళు కట్టిన పసుపు గోడల వీధులు చూసి వచ్చేవాళ్ళు. డిగ్రీలో చరిత్ర చదివింది ఆ ఇంట్లో నిర్మల ఒక్కతే. వాళ్ళు వచ్చేసరికి ఆమె వేడినీళ్ళు పోసి పిండి పిసుకుతూ ఉండేది.

రాత్రి నలుగురూ తినడానికి కూర్చున్నారు.

"ఎండకాలం మచిలీపట్నం పోదాం," అన్నాడు హన్మాండ్లు రొట్టె తుంచుతూ. "ఆడ డచ్చోళ్ళ కోట ఉందట. సముద్రం సుత దగ్గరే. రూములకు కిచెన్ దొరుకుతదో లేదో అడుగుత."

"మీరు వోయి రాండ్రి," అంది నిర్మల, మామ పళ్ళెంలో రొట్టె వేస్తూ. "నేను రాను."

"ఎందుకు? పాండిచ్చేరి మంచిగ లేకుండెనా?"

"నాకేమెరుక? ఆడ వంటింటికి తెల్ల సున్నం, ఈడ నీలి సున్నం. గంత తేడా చూసుడానికి రైలెక్కుడెందుకు?"



"ఆఖరి రోజన్న రావాల్సి ఉండె అమ్మా," అంది సింధుజ మెల్లగా.

"ఆఖరి రోజు రైలుకు సద్ది కట్టిన."

హన్మాండ్లు తుంచిన రొట్టె ముక్కను పళ్ళెంలో పెట్టేశాడు. "నువ్వు రాకపోతే బాపుకు రొట్టెలెట్ల?"

"మామ ఈడ ఉంటే నేను చేస్త. ఆడికొస్తే మీరు చెయ్యుండ్రి."

"నేనా?"

"డాడీ చేసిన రొట్టెలతోని ఇంకో కోట కట్టొచ్చు," అంది సింధుజ.

నిర్మలకు నవ్వు రాలేదు. ఇన్నేళ్ళలో ఆమె ఏ ఊరికీ రానని అనలేదు. అనేసింది కాబట్టి ఇక సముద్రం చూడటం కుదరదని కూడా ఆమెకు తెలుసు. పప్పు గిన్నె తీసి మామ వైపు జరిపింది.

భద్రయ్య పళ్ళెం పక్కకు పెట్టి, తువాలతో మీసం తుడుచుకున్నాడు. ఆయన తువాల తీస్తే ఆ ఇంట్లో మాట తేలిపోయినట్టే.

"అందరం పోదాం. నిర్మల వస్తది, మనతోని తిరుగుతది. పొయ్యి, పెనం ఈడనే ఉంటయ్."

"మరి మీరేం తింటరు మామా?"

భద్రయ్య కొడుకు వైపు చూశాడు. కొడుకు నీళ్ళ చెంబు వైపు చూశాడు.

"ఆడ ఉన్నన్ని దినాలు హన్మాండ్లు నాకు హోటల్ల దోశెలే తినిపిచ్చిండు బిడ్డా. పాపం నువ్వు అంత కష్టపడి చేస్తివి, వద్దంటే నీ మనసు నొస్తదని రూముకొచ్చి మళ్ళ రొట్టెలు తింటి. గీ వయసుల పూటకు రెండుసార్లు తినుడు ఇగ నాతోని కాదు."