బంగారికి సంబంధం

కుక్కల్ని పెంచే రోజులు పోయి ఇంటింటా పాములొచ్చాక, మంచి రకమని తేలని పాముకి సంబంధం దొరకడం గగనమైపోయింది. సుభాషిణి ముద్దుగా పెంచుకునే బంగారిని చూసిన పరీక్షకులంతా "మామూలు గోధుమరంగుదేనమ్మా" అని పెదవి విరిచి వెళ్ళినవాళ్ళే.

ఈరోజు వచ్చినాయన మాత్రం భూతద్దంలోంచి చూస్తూ ఎగిరి గంతేశాడు.

"ఎడమ బుగ్గమీద నల్లచుక్క! ఇలాంటి రకం ఇంకెక్కడా లేదమ్మా!"

సుభాషిణికి, "కొత్తవాళ్ళొస్తున్నారు, పిల్లకి దిష్టి తగులుతుంది" అంటూ అత్తగారు పొద్దున్నే కాటుక భరిణె తీయడం గుర్తొచ్చింది.

"ఈ చుక్క వంశంలో ఇంకెవరికైనా ఉందా?" అడిగాడాయన.

సుభాషిణి నోరు తెరిచేలోపే అత్తగారు గర్వంగా అందుకున్నారు.

"ఎందుకు లేదు బాబూ? మా ఇంట్లో ప్రతి పిల్లకీ ఉంటుంది, బడిలో వేసేదాకా!"