ఒకతూరి రెప్పలార్పు మా

"మా, ఒకతూరి కండ్లు తెరువు మా. నేను మునికృష్ణను వచ్చినా."

మదనపల్లె ఆసుపత్రిలో ఆ మంచం పక్కన పొద్దుటి నుంచీ ఇదే మాట. మంచం మీద వాడి తల్లి కుప్పమ్మ. పక్షవాతం. పుంగనూరు సంతలో పూలమ్ముతూ కూలబడిన మనిషి, మళ్ళీ కళ్ళు తెరవలేదు.

"పిలుస్తూ ఉండండి. కళ్ళు తెరిచి, చెప్పినప్పుడు రెప్పలార్పిందంటే ఆశ ఉన్నట్టే," అన్నాడు డాక్టరు.

మంచానికి అవతల అక్క యమున కూర్చుని తమ్ముణ్ణే చూస్తోంది. వాడి మీద ఉన్న కోపమంతా ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

తక్కువ కోపమా అది! కుప్పంలో వాడికి మంచి సెల్‌ఫోన్ల అంగడి ఉండేది. ఫోన్లో పేకాట మరిగాడు. మన రాష్ట్రంలో ఆ ఆట నిషేధమంటే, బండేసుకుని పొలిమేర దాటి, కర్ణాటకలో ఏదో చెట్టు కింద కూర్చుని ఆడేవాడు. తర్వాత ఆ శ్రమ కూడా లేకుండా, కుప్పంలో ఉన్న ఫోనును బెంగళూరులో ఉన్నట్టు చూపించే కిటుకు నేర్చాడు. అంగడి పోయింది. పెళ్ళాం పుట్టింటికి పోయింది. చివరికి కిటుకు బయటపడి, ఆటవాళ్ళే వాడి ఖాతా మూసేశారు.

ఆ రోజు తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

"ఇంక నా మొగానికి ఆ ఆట తెరుచుకోదు మా," అన్నాడు.

కుప్పమ్మ నమ్మింది. తల్లి కదా. ఆ వారమే వాడు ఆమెను వెంటబెట్టుకుని పోయి ఆధార్‌లో ఫోను నంబరు సరిచేయించాడు. పాన్ కార్డు తీయించాడు. పింఛనుకు పనికొస్తాయన్నాడు. కొడుకు దారిలో పడ్డాడని ఆమె సంతంతా చెప్పుకుంది.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. ఈసారి సామెతే ఓడిపోయిందనుకుంది యమున.

"అక్కా, అమ్మ మొగం తుడువు. జుట్టు పైకి దువ్వు. డాక్టరుకు సూపించేదానికి వీడియో తీస్తా," అన్నాడు మునికృష్ణ.

యమున ఆక్సిజన్ మాస్కు చుట్టూ తడిగుడ్డతో తుడిచింది. బొట్టు పెట్టింది.

నర్సు షైలజ వచ్చింది. "సిస్టర్, ఆ మాస్కు ఒక నిమిషం తీస్తారా? మొగం బాగా కనపడల్ల," అన్నాడు.

"తీయకూడదన్నా. ఆయాసపడతాది."

"ఒక్క నిమిషమే. మా అమ్మ నన్ను సూడల్ల."

వాడి కళ్ళనిండా నీళ్ళు. షైలజకూ తల్లి ఉంది. మాస్కు పక్కకు జరిపి పట్టుకుంది.

మునికృష్ణ ఫోను తల్లి ముఖానికి ఎదురుగా పెట్టి వంగాడు. "మా, నీ కొడుకును మా."

కుప్పమ్మ రెప్పలు కదిలాయి. కళ్ళు తెరిచింది. ఎంత కష్టపడి తెరిచిందో చూసినవాళ్ళకు తెలుసు. కొడుకు గొంతు ఎటుందో వెతుక్కుని అటే చూసింది.

"ఒకతూరి రెప్పలార్పు మా."

ఆర్పింది.

"కుడి పక్కకు తిరుగు. కొంచెం. ఆఁ. ఇప్పుడు ఎడమకు."

ఊపిరందకపోయినా తిరిగింది. కొడుకు చెప్పాడు కదా.

యమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "దేవుడు ఉండాడు రా," అంది. షైలజ మాస్కు మళ్ళీ పెట్టి డాక్టరు కోసం పరుగెత్తింది. కుప్పమ్మ కళ్ళు మూయలేదు. కొడుకునే చూస్తోంది.

ఫోనులో ఆకుపచ్చ టిక్కు పడి, "స్వాగతం కుప్పమ్మ గారూ, మీ ముఖం సరిచూశాం, ముక్కలు పంచుతున్నాం" అన్న మాట కనపడగానే, మునికృష్ణ కళ్ళు తుడుచుకుని మంచానికి వీపు పెట్టి కూర్చున్నాడు.