ఎర్రచీటీ

చీటీ విప్పమని ఆఫీసరు మళ్లీ అడిగాడు. ఆవిడ మళ్లీ విప్పనంది.

షెడ్డులో ఆవిడ అసలు పేరు ఎవరూ వాడరు. ఎర్రచీటీ అంటారు. హెలికాప్టరుకి వేసిన ప్రతి విడిభాగాన్నీ తనిఖీ చేయడం ఆవిడ పని. తేడా కనబడితే ఎర్రచీటీ కడుతుంది. దాన్ని మళ్లీ ఆవిడే విప్పాలి. అప్పటిదాకా సైన్యాధిపతి వచ్చి కూర్చున్నా హెలికాప్టరు నేల వదలదు.

ఇదేమీ మామూలు హెలికాప్టరు కాదు. లారీని సైతం తాళ్లతో వేలాడదీసుకుని ఎగిరే ఏనుగు. ఈ రకం తయారీ ఎప్పుడో ఆపేశారు. ఏది అరిగినా, షెడ్డు వెనక మూలపడ్డ దాని తోబుట్టువుల్లోంచి ఊడదీసి వేయాల్సిందే. ఆ రోజు తోక రెక్కను తిప్పే గేర్‌బాక్సు అలాగే వేశారు. నేలమీదే ఇంజను తిప్పి చూశాక, గేర్‌బాక్సు నూనెలో ఉండే అయస్కాంతాన్ని ఆవిడ బయటికి తీసింది. దానికి ఇనుప రజను అంటుకుని ఉంది. లోపల పళ్లు అరుగుతున్నాయన్నమాట.

మంచి గేర్‌బాక్సు వేరే స్థావరం నుంచి రోడ్డుమీద రావాలి. మర్నాటికి గానీ రాదు.

అవతల కొండమీద సొరంగం కూలి, పనిచేస్తున్న ఇంజనీర్లూ కూలీలూ లోపల చిక్కుకున్నారు. సన్నటి గొట్టంలోంచి గాలి అందుతోంది. రాయి తొలిచే యంత్రాన్ని అక్కడికి చేర్చడానికి దారి లేదు. ఈ ఏనుగే మోసుకెళ్లాలి.

"ఆలస్యం అమృతం విషం అన్నారమ్మా. కాసేపటి ప్రయాణానికి ఆ కాస్త రజను ఏం చేస్తుంది?" అన్నాడు ఆఫీసరు.

"దారిలో కూలుస్తుంది. ఇంకో హెలికాప్టరు లేదు, ఇంకో యంత్రం లేదు. అప్పుడు లోపలున్నవాళ్లకి ఏం చెబుతారు?"

ఉద్యోగం ఊడగొడతానన్నాడు. ఊడగొట్టండి, చీటీ మాత్రం ముట్టుకోకండి అంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం అని విసుక్కుంటూ వెళ్లిపోయాడు.

మెకానిక్కులు ఓ మూల చేరి గుసగుసలాడారు. పైలట్ ఆవిడ సొంత తమ్ముడు మరి. తమ్ముడు తనవాడైనా ధర్మం చెప్పాలంటారు, ఈవిడేమో తమ్ముడి కోసం ఊరివాళ్ల ప్రాణాలు తీస్తోంది అన్నారు. ఆ మాట ఆవిడ చెవిన పడింది. ఒళ్లు మండింది. అయినా వెనక్కి తిరిగి చూడలేదు.

చివరికి తమ్ముడే వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, నా గురించి ఆలోచించకు. నీ కాళ్లు పట్టుకుంటా, విప్పు. అక్కడ లోపల..."

"తెలుసు," అంది. "ఇక్కడ నేను నీకు అక్కని కాను. వెళ్లి పడుకో. రేపు నీ చేతులు వణక్కూడదు."

రాయివన్నాడు, రాక్షసివన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లాడు. ఎవరైనా చాటుగా చీటీ విప్పేస్తారేమోనని ఆవిడ తోక కిందే స్టూలు వేసుకుని కూర్చుంది. తెచ్చిపెట్టిన అన్నం ముట్టలేదు.

మర్నాడు గేర్‌బాక్సు వచ్చింది. బిగించారు, తిప్పారు. ఈసారి అయస్కాంతం శుభ్రంగా ఉంది. ఆవిడే చీటీ విప్పింది. హెలికాప్టరు యంత్రాన్ని మోసుకుంటూ కొండవైపు వెళ్లింది.

సాయంత్రం అందరూ వైర్‌లెస్ గదిలో మూగారు. ఒక్కొక్కరినే బయటికి తీస్తున్నారని కబురు. ఆవిడకి ఎవరూ చోటివ్వలేదు. ఆవిడ అడగనూ లేదు, గోడ పక్కన తలెత్తుకుని నిలబడింది.

ఇంతలో వైర్‌లెస్‌లోంచి తమ్ముడి గొంతు వినిపించింది: "అక్కా, నీ కూతురు బయటికొచ్చింది, అమ్మేదీ అంటోంది."